మూడేళ్ళ పాపకి పై పళ్ళు పుచ్చిపోతున్నాయి, పాల పళ్ళే కదా అని వదిలేయొచ్చా?

చిన్నితల్లి, రాయగడ:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ, మజ్జిగౌరమ్మ గుడి వైపు ఉంటాం. పాపకి మూడేళ్ళు దాటాయి. పై వరసలో ముందున్న నాలుగు పళ్ళకి చిగురు పక్కనే సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత ఉండేది, ఇప్పుడది గోధుమ రంగుకి తిరిగింది, ఒక పంటి అంచు చిన్న పెచ్చులా రాలింది కూడా. కింది పళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఒకే నోరు, ఒకే తిండి, మరి పైవి పాడై కిందివి బాగుండటం ఏమిటో నాకు అర్థం కావట్లేదు.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. పాల పళ్ళే కదా, ఎలాగూ ఊడి కొత్తవి వస్తాయి, ఊరికే డబ్బులు తగలేయొద్దు అంటారు మా అత్తగారు. పక్కింటి ఆవిడ పీకించేయమంటోంది. ఊళ్ళో ఒక క్లినిక్‌లో చూపిస్తే నాలుగింటికీ రూట్ కెనాల్ చేసి క్యాపులు వేయాలన్నారు, ఎందుకు, చేయకపోతే ఏమవుతుంది అని అడిగితే సరిగ్గా చెప్పలేదు, ఖర్చు విని నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకుని వచ్చేశాం. అసలు పాల పళ్ళకి రూట్ కెనాల్ చేస్తారా?

రాత్రి పాల సీసా నోట్లో ఉంటేనే నిద్రపోతుంది, అందులో పంచదార ఉండాల్సిందే, మధ్యలో లేచినా సీసానే. పొద్దున ఒకసారి తోముతున్నాం, ఇంట్లో అందరం వాడే ఆయుర్వేదం పేస్టుతోనే. తనకి ఉమ్మడం ఇంకా సరిగ్గా రాదు, అందుకని ఫ్లోరైడ్ ఉన్న పేస్టు అంటే భయం. ఇంకోటి, మా అత్తగారికి పొద్దున్నే గుడాకు (పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద) పెట్టుకునే అలవాటు. పాప ఆవిడ పక్కన కూర్చుని అచ్చం ఆవిడలాగే వేలితో పళ్ళు రుద్దుకుంటుంది, ఆ డబ్బా ఎక్కడ పెట్టినా వెతుక్కుంటోంది, అదో టెన్షన్. విశాఖ తీసుకెళ్ళాలంటే మా ఆయనకి సెలవు దొరకాలి. అంత అవసరమా, ఇక్కడే ఏమైనా చేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలపళ్ళ డాక్టర్, బరంపురం:

చిన్నితల్లి గారూ, వదిలేయొద్దు, అలాగని కంగారూ పడొద్దు. నేను పిల్లల పళ్ళ డాక్టర్‌ని. పాప నోరు చూడకుండా వైద్యం చెప్పలేను గానీ మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. పైవి పాడై కిందివి బాగున్నాయంటే చాలా వరకు అది రాత్రి సీసా పని.

సీసా నోట్లో పెట్టుకుని పడుకున్నప్పుడు పాలు పై పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది పళ్ళ మీద నాలుక కప్పి ఉంటుంది, పైగా నాలుక కింద లాలాజలం ఊరే చోటు వాటి పక్కనే, కాబట్టి అవి కడుక్కుపోతూ ఉంటాయి. పగలు లాలాజలం నోరంతా కడుగుతూనే ఉంటుంది గానీ నిద్రపోగానే అది బాగా తగ్గిపోతుంది. పంటి మీది పాచిలో స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ లాంటి బాక్టీరియా ఉంటుంది, అది చక్కెర తిని యాసిడ్ వదులుతుంది. పంటి దగ్గర పీహెచ్ (యాసిడ్ కొలత, ఇది తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువ) సుమారు 5.5 కన్నా కిందికి పోతే ఎనామిల్‌లోని, అంటే పంటి పైన ఉండే గట్టి పొరలోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. తినడం ఆపాక మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది, ఆ లోపు మళ్ళీ తీపి తగిలితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. మధ్యాహ్నం భోజనంతో పాటు తిన్న ఒక లడ్డూ కన్నా రాత్రంతా కొంచెం కొంచెంగా చప్పరించే తీపి పాలు ఎక్కువ చెరుపు చేసేది ఇందుకే. ఏడాది దాటి పళ్ళు వచ్చాక రాత్రంతా తల్లిపాలు నోట్లో ఉంచుకుని నిద్రపోయే పిల్లల్లోనూ ఇది చూస్తుంటాం. తల్లిపాలు మానిపించమని కాదు నేను చెప్పేది, పిల్ల నిద్రపోయాక రొమ్ము నోట్లోంచి తీసేయాలి, పళ్ళు తుడవాలి.

మీరు చూసిన తెల్ల గీత పుచ్చులో మొదటి మెట్టు. అక్కడ ఇంకా రంధ్రం పడదు, ఖనిజం మాత్రం పోతుంది, ఆ దశలో తీపి తగ్గించి ఫ్లోరైడ్ అందిస్తే పన్ను మళ్ళీ గట్టిపడుతుంది. గోధుమ రంగు తిరిగి పెచ్చు రాలిన పన్ను మాత్రం దానంతట అది పూడదు, దానికి డాక్టర్ చెయ్యి పడాలి. నాలుగు పళ్ళూ ఒకే దశలో ఉండకపోవచ్చు, అది చూడాలి.

ఇక అత్తగారి మాట. పాల పళ్ళు ఊడతాయి, నిజమే, కానీ ఎప్పుడు? మొత్తం 20 పాల పళ్ళలో ముందువి ఆరు, ఏడు, ఎనిమిదేళ్ళ మధ్య ఊడతాయి. దవడ పళ్ళు పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. మూడేళ్ళ పిల్ల అన్నేళ్ళు ఆ పళ్ళతోనే నమలాలి, మాట్లాడాలి. పాల పంటికి ఎనామిల్ పల్చన, లోపల నరం ఉండే గది పెద్దది, అందుకే పుచ్చు పెద్దవాళ్ళలో కన్నా తొందరగా నరం దాకా వెళ్ళిపోతుంది. వేరు దగ్గర చీము పడితే దాని కిందే తయారవుతున్న శాశ్వత పంటి మీద మచ్చ, గుంట పడే ప్రమాదం ఉంది. దవడ పన్ను ముందే పీకేస్తే వెనకది ముందుకు జరిగి కొత్త పంటికి చోటు ఉండదు, తర్వాత వంకర పళ్ళు, తీగలు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది తిండి తినడం లేదని, బరువు పెరగడం లేదని వస్తారు, నోరు తెరిపిస్తే నమలడానికి ఒక్క వైపు కూడా మిగలదు. పంటి నొప్పి అని చెప్పడం వాళ్ళకి రాదు, అన్నం మాత్రం బుగ్గలో పెట్టుకుని కూర్చుంటారు.

పాల పళ్ళకి రూట్ కెనాల్ చేస్తారు. పెద్దవాళ్ళకి నింపే మందు కాదు, పాల పంటి వేరుతో పాటు కరిగిపోయే మందు నింపుతారు, కొత్త పన్ను రావడానికి అడ్డం ఉండదు. కాకపోతే అది పుచ్చు నరం దాకా వెళ్ళిన పంటికి మాత్రమే. నాలుగింటికీ కావాలన్నారంటే ఎక్స్‌రే తీశారా, నరం దాకా వెళ్ళిందని ఏ పంటికి కనిపిస్తోంది అని అడగండి, చూపించమనండి. అడగడం మీ హక్కు. నరం దాకా వెళ్ళకపోతే ఫిల్లింగ్ సరిపోవచ్చు, లేదా సిల్వర్ డైఅమైన్ ఫ్లోరైడ్ అని ఒక ద్రవం ఉంది, డ్రిల్లూ సూదీ లేకుండా చిన్న బ్రష్‌తో పూస్తారు, పుచ్చు అక్కడితో ఆగిపోయే అవకాశం బాగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఒకటే ఇబ్బంది, పుచ్చిన చోటు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది, ముందు పళ్ళు కాబట్టి కనిపిస్తుంది. కొందరు తల్లిదండ్రులు దానికి ఒప్పుకోరు, అది వాళ్ళ ఇష్టం, కానీ కుర్చీలో కూర్చోపెట్టలేని మూడేళ్ళ పిల్లకి అది చాలా మంచి దారి అని నా నమ్మకం.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోగా ఈ రాత్రి నుంచే మొదలుపెట్టాల్సింది ఒకటుంది. రాత్రి తోమిన తర్వాత పొద్దున దాకా మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లోకి వెళ్ళకూడదు. పాలు ఇచ్చేది పళ్ళు తోమే ముందే, కూర్చోబెట్టి, గ్లాసుతో. మిగతావన్నీ దీని తర్వాతే.

గుణుపూర్ నాన్న:

అక్కా, డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా వాడికీ రాత్రి సీసా ఉండేది, ఒక్కసారిగా లాగేస్తే ఇల్లు పీకి పందిరేశాడు, ఎదురింటివాళ్ళు లేచి వచ్చారు. ఆ తర్వాత మా ఆవిడ వేరే దారి పట్టింది. ముందు పంచదార తగ్గించుకుంటూ వచ్చి పూర్తిగా ఆపేసింది, దానికి వాడు పెద్దగా గొడవ చేయలేదు. ఆ తర్వాత పాలల్లో నీళ్ళు కలపడం, రెండు మూడు రోజులకోసారి ఒక్కో గుక్క ఎక్కువ, చివరికి సీసాలో అంతా నీళ్ళే. నీళ్ళ కోసం రాత్రి లేవడం వాడికే విసుగొచ్చి మానేశాడు. నిద్రపుచ్చడానికి సీసా బదులు వీపు నిమరడం, కథ చెప్పడం చేశాం. మొదటి వారం కష్టం, మీ ఇద్దరిలో ఒకరికి మర్నాడు పని తక్కువ ఉండే రోజు చూసి మొదలుపెట్టండి.

తోమడం గురించి ఒకటి చెప్తాను, ఇది ఎవరూ చెప్పరు. మూడేళ్ళ పిల్ల చేతికి బ్రష్ ఇచ్చి తోముకో అంటే బ్రష్ నమిలి పేస్టు మింగేసి వచ్చేస్తుంది. తోమాల్సింది మనం. మేం చేసే పద్ధతి ఇది. నేను మంచం మీద కూర్చుంటాను, వాడు తల నా ఒళ్ళో పెట్టి వెల్లకిలా పడుకుంటాడు, మొహం నా వైపు పైకి ఉంటుంది, అప్పుడు నోరంతా కనిపిస్తుంది. ఎడమ చేతి చూపుడు వేలితో పై పెదవి పైకి ఎత్తాలి, ఎత్తకపోతే చిగురు దగ్గర గీత దాకా బ్రష్ వెళ్ళనే వెళ్ళదు, పెదవికే తగులుతుంది. పెదవి మధ్యలో కిందికి ఒక సన్న తీగలా ఉంటుంది కదా, దానికి బ్రష్ తగిలితే పిల్లలకి మంట పుట్టి మళ్ళీ నోరు తెరవరు, వేలు దాని మీద అడ్డం పెట్టి తోమితే ఏడవరు. బ్రష్ తల చిన్నది, కుచ్చు మెత్తనిది. మా వాడిది ఒడియా మీడియం బడి, అందుకని ఒక్కో వైపు ఎక, దుయి, తిని, చారి అని వాడే ఇరవై దాకా లెక్కపెడతాడు, తర్వాతి వైపు తెలుగులో. లెక్క పూర్తయ్యే దాకా కదలడు, మధ్యలో నేను తొందరపడితే వాడే ఒప్పుకోడు.

ఇంకోటి, సాయంత్రం కొట్టు. పిల్ల ఏడిస్తే అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్, చుట్టాలొస్తే కేకు ముక్క, రథయాత్ర రోజుల్లో ఖాజా. మొత్తం ఎంత తిందన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎన్నిసార్లు తిందన్నది కూడా చూడాలి అని మా డాక్టర్ గారు చెప్పారు. ఒక ప్యాకెట్ బిస్కెట్లు ఒక్కసారి కూర్చుని తినేస్తే ఒక్క దెబ్బ, అవే మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఒక్కొక్కటిగా తింటూ తిరిగితే అన్ని దెబ్బలు. బిస్కెట్లు, చిప్స్ తియ్యగా లేవనుకుంటాం గానీ నానిన పిండి దవడ పళ్ళ గుంటల్లో అతుక్కుని గంటలు గంటలు ఉంటుంది. మేం తీపి పూర్తిగా మానిపించలేదు, మానిపించడం మన ఇళ్ళలో అయ్యే పని కాదు, భోజనంతో పాటే పెట్టి మధ్యలో ముడి (మరమరాలు), అరటిపండు, ఉడకబెట్టిన వేరుశెనగలు ఇస్తున్నాం.

రాజురా రైతుబిడ్డ:

మాది చంద్రపూర్ జిల్లా, తెలంగాణ సరిహద్దు. నాకు ఒక్క విషయంలో మీతో గట్టి పేచీ ఉంది. ఫ్లోరైడ్ అందించమని, అంటే ఆ పేస్టు వాడమనేగా, ఇంత తేలికగా ఎలా చెప్తున్నారు? చంద్రపూర్, యవత్‌మాళ్ జిల్లాల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళు ఉన్నాయి, అవతల నల్గొండ సంగతి తెలుగువాళ్ళందరికీ తెలుసు. మా బంధువుల పిల్లలు నవ్వితే పళ్ళ మీద పసుపు, గోధుమ చారలు. అబ్బాయి పదో తరగతి, ఫోటో దిగమంటే నోరు మూసుకుని దిగుతాడు. ఆ బాధ చూసినవాడిగా అడుగుతున్నాను, నీళ్ళలో ఏది ఎక్కువైందని వడపోసే యంత్రాలు పెట్టుకుంటున్నామో దాన్నే డబ్బు పెట్టి కొని పసిపిల్ల నోట్లో పెట్టాలా? మా తాత వేపపుల్లతోనే తోమాడు, పోయేనాటికి నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి.

పాలపళ్ళ డాక్టర్, బరంపురం:

రాజురా సోదరా, మీ పేచీ న్యాయమైనదే, తేలికగా తీసిపారేసేది కాదు. మీ బంధువుల అబ్బాయికి వచ్చింది ఫ్లోరోసిస్. అది పన్ను దవడ ఎముక లోపల తయారవుతున్న ఏళ్ళలో, అంటే పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ దాకా, ఎక్కువ ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్ళడం వల్ల వస్తుంది. పేస్టులో ఫ్లోరైడ్ పనిచేసేది కడుపులోకి వెళ్ళి కాదు, బయటికి వచ్చిన పంటి పైన తాకి. యాసిడ్ తీసుకుపోయిన ఖనిజాన్ని తిరిగి పట్టుకోవడానికి పంటికి అది సాయం చేస్తుంది, అలా గట్టిపడిన పొర ముందుకన్నా యాసిడ్‌కి ఎక్కువ ఓర్చుకుంటుంది.

లెక్క చూడండి. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎమ్, అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము, దాటకూడదు. మూడేళ్ళ లోపు పిల్లలకి బ్రష్ మీద బియ్యపు గింజంత పేస్టు చాలు, సుమారు 0.1 గ్రాము, అందులో ఉండే ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. మూడేళ్ళు దాటాక ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత, అందులో 0.25 మిల్లీగ్రాము. అదీ మొత్తం మింగేసినా. ఇప్పుడు నీళ్ళు తీసుకోండి, తాగునీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము వరకు మంచిదని, వేరే నీరు లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణాలు. ఒక బోరులో 4 ఉందనుకుంటే ఆ నీళ్ళు ఒక్క లీటరు తాగితేనే 4 మిల్లీగ్రాములు కడుపులోకి వెళ్తాయి, అన్నం, పప్పు ఉడికేది కూడా వాటితోనే. మీ పిల్లల పళ్ళు పాడుచేసింది ఆ నీళ్ళు. ముందు ఆ నీటిని పరీక్ష చేయించాలి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది, ఈ మాట దయచేసి అందరికీ చెప్పండి. ఆర్వో తీసేస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థే తయారుచేసింది. అలాంటి నీళ్ళు తాగే ఊళ్ళో ఉంటే పేస్టు ఎంత, ఏది అన్నది మీ డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోవాలి, పెద్దవాళ్ళ చేత్తోనే వేయాలి. టీవీ ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ మొత్తం నింపడం ఎక్కడా ఎవరికీ అక్కర్లేదు, పిల్లలకైతే అసలే వద్దు.

చిన్నితల్లి గారూ, మీరు తాగే నీళ్ళు కూడా ఒకసారి పరీక్ష చేయించండి. ఎక్కువ లేకపోతే 1000 పీపీఎమ్ పేస్టు బఠాణీ గింజంత, పొద్దునా రాత్రీ. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఆయుర్వేదం పేస్టుల్లో చాలా వాటిలో ఫ్లోరైడ్ ఉండదు, చదివి కొనండి. పిల్లల పేస్టు అని బొమ్మ వేసి అమ్మేవాటిలో కూడా కొన్నింట్లో తక్కువ, కొన్నింట్లో అసలు ఉండదు. తోమాక నురగ ఉమ్మించండి, ఉమ్మడం రాకపోతే తడి గుడ్డతో తుడవండి. నీళ్ళతో గలగలా పుక్కిలిస్తే పంటి మీద మిగలాల్సిన మందు కూడా పోతుంది.

వేపపుల్ల చెడ్డదని నేను అనను. నమిలి కుచ్చులా చేసి ఓపిగ్గా తోమితే పెద్దవాళ్ళకి పాచి పోతుంది. మూడేళ్ళ పిల్ల దాన్ని నమలలేదు, మనం తోమితే చిగురు గీసుకుంటుంది, దవడ వెనకకి అందదు, ఫ్లోరైడ్ ఉండదు. తాతగారి నోట్లో పళ్ళన్నీ మిగిలాయంటే పుల్ల ఎంత కారణమో, ఆయన చిన్నప్పుడు ఊళ్ళో బిస్కెట్ ప్యాకెట్ లేకపోవడం కూడా అంతే కారణం. బొగ్గు, ఇటుక పొడి, కచ్చిక బూడిద మాత్రం వద్దు, పన్ను తెల్లగా కనిపిస్తుంది గానీ ఎనామిల్ అరిగిపోతుంది.

అంగన్‌వాడీ అక్క, పర్లాకిమిడి:

గుడాకు సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను. చిన్నితల్లీ, నీ ప్రశ్నలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది అదే. గుడాకు పళ్ళు తోముకునే పేస్టు కాదు, బెల్లం మడ్డి కలిపి చేసిన పొగాకు. పొద్దున్నే అది పెట్టుకోకపోతే మా దగ్గర కొందరు ఆడవాళ్ళకి తల తిరుగుతుంది, కడుపు కదలదు, అదంతా నికోటిన్ అలవాటు. పొగాకు కలిపిన టూత్‌పేస్టులు, పళ్ళపొడులు చేయకూడదు, అమ్మకూడదు అని 1992లోనే మన దేశంలో నిషేధం వచ్చింది, అయినా గుడాకు డబ్బా మాత్రం ప్రతి కొట్లో దొరుకుతూనే ఉంది. పిల్లలకి ఇది ఇలాగే మొదలవుతుంది, ముందు అమ్మమ్మనో నాయనమ్మనో చూసి వేలు రుద్దుకోవడం, తర్వాత ఎప్పుడో ఒక రోజు నిజంగా డబ్బా మూత తీయడం. అంత చిన్న ఒంటికి కొంచెం పొగాకు మింగినా వాంతులు, తల తిరగడం, ఇంకా ప్రమాదమే జరగొచ్చు. డబ్బా ఎత్తైన అటక మీద తాళం లోపల ఉండాలి. అత్తగారిని తిట్టొద్దు, ఎన్నో ఏళ్ళ అలవాటు ఒక్క మాటకి పోదు. పిల్ల ఎదురుగా పెట్టుకోవద్దు అమ్మా, అది మీలాగే చేస్తోంది అని నెమ్మదిగా చెప్పు, మనవరాలి కోసం అంటే చాలామంది వింటారు. అలాగే ఆవిడని కూడా పళ్ళ డాక్టర్‌కి చూపించు, నోట్లో తెల్ల మచ్చ, మానని పుండు ఉంటే ఆలస్యం చేయకూడదు.

విశాఖ దాకా వెళ్ళే ముందు ఇంకోటి చెయ్యి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో డాక్టర్ల బృందం బండి మీద అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, బళ్ళకి ఒకసారి వస్తుంది, పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూస్తారు, వాళ్ళు చూసే వాటిలో పుచ్చు పళ్ళు కూడా ఉన్నాయి. జిల్లా ఆస్పత్రికి చీటీ రాసిస్తారు, ఖర్చు ఉండదు. మీ అంగన్‌వాడీ దీదీని ఎప్పుడొస్తారో అడుగు. ఒడియా రాదని మొహమాటపడకు, రాయగడలో తెలుగు రాని దీదీ అరుదు. ఒకవేళ వాళ్ళు రావడానికి ఇంకా చాలా రోజులుంటే ఆగొద్దు, నేరుగా జిల్లా ఆస్పత్రికే తీసుకెళ్ళు.

మేం అంగన్‌వాడీలో పిల్లలకి ఇచ్చే ఛతువా పిండిలో కూడా చక్కెర ఉంటుంది, మంచి బలం, మానిపించొద్దు, కాకపోతే తిన్నాక నీళ్ళు తాగించి నోరు కడిగించాలి. చాలామంది తల్లులు దాన్ని పాలల్లో కలిపి సీసాలో పోస్తారు, సీసా రంధ్రం కత్తెరతో పెద్దది చేసి మరీ. అది మాత్రం చేయొద్దు, గిన్నె, చెంచానే. పిల్లకి జలుబు చేస్తే ఇచ్చే సిరప్పులూ తియ్యనే, రాత్రి డోసు తోమే ముందే వేసేయాలి.

చిన్నితల్లి, రాయగడ:

అందరికీ చాలా థాంక్స్. అంగన్‌వాడీ అక్కా, మీరు చెప్పినట్టే అత్తగారితో మాట్లాడాను, పిల్ల ముందు పెట్టుకోనన్నారు, డబ్బా వంటింటి అటక మీదికి చేరింది. పాలల్లో పంచదార తగ్గించడం మొదలైంది, మూతి తిప్పుకుంటోంది గానీ తాగుతోంది. జిల్లా ఆస్పత్రిలో ముందు చూపిస్తాం, ఎక్స్‌రే గురించి డాక్టర్ గారు చెప్పినట్టే అడుగుతాను.

ఇంకో ప్రశ్న, విడిగా పెట్టాలా అని ఆలోచించి ఇక్కడే అడిగేస్తున్నాను. మా పెద్దాడికి ఆరేళ్ళు నిండుతున్నాయి. వాడికి ఒక్క పన్నూ ఊడలేదు, కానీ కింద దవడ చివర, అన్నిటికన్నా వెనక, చిగురు చీల్చుకుని కొత్త పన్ను సగం పైకి వచ్చింది. వాడు నొప్పంటున్నాడు. ఇది అదనపు పన్నా? పాల పన్నేనా? ఇంట్లో ఎవరికీ తెలియట్లేదు.

పాలపళ్ళ డాక్టర్, బరంపురం:

మంచి ప్రశ్న అడిగారు. అది పాల పన్నూ కాదు, అదనపు పన్నూ కాదు, వాడి మొదటి శాశ్వత దవడ పన్ను. ఆరేళ్ళప్పుడు ఏ పాల పన్నూ ఊడకుండా, అన్నిటికన్నా వెనక ఖాళీ చోట్లో వస్తుంది, పైన రెండు, కింద రెండు. ఏదీ ఊడలేదు కాబట్టి పాల పన్నే అనుకుని, పుచ్చినా ఎలాగూ ఊడుతుందిలే అని వదిలేసే ఇళ్ళు లెక్కలేనన్ని. అది ఇక జీవితాంతం ఉండే పన్ను, పోతే ఇంకోటి రాదు. పన్నెండేళ్ళకే అవి నాలుగూ పీకించుకున్న పిల్లల్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఆపడం చాలా తేలిక.

సగం పైకి వచ్చినప్పుడే దానికి ప్రమాదం ఎక్కువ. ముందు పళ్ళ కన్నా ఎత్తు తక్కువగా ఉంటుంది కాబట్టి మామూలుగా ముందుకీ వెనక్కీ తోమితే బ్రష్ దాన్ని తాకకుండానే పక్క పన్ను మీదుగా వెళ్ళిపోతుంది. బ్రష్‌ని బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి ఆ ఒక్క పంటినే విడిగా తోమాలి, నోరు కొంచెం మూయమనండి, బుగ్గ వదులై చెయ్యి లోపలికి వెళ్తుంది. కొన్నాళ్ళు వాడి తోముడు మీరే చూసుకోండి, మొత్తం వాడి చేతికి వదిలేయడానికి ఏడెనిమిదేళ్ళు రావాలి. చిగురు నొప్పికి గోరువెచ్చని ఉప్పు నీళ్ళు పుక్కిలిస్తే చాలు, జ్వరం, బుగ్గ వాపు ఉంటే మాత్రం అదే రోజు చూపించండి, పాపకైనా అంతే.

పన్ను పూర్తిగా పైకి వచ్చాక దాని మీది లోతైన గాడుల్లో సీలెంట్ వేయించండి. డ్రిల్ చేయరు, గాడిని శుభ్రం చేసి పల్చటి ద్రవం పోసి లైటుతో గట్టిపరుస్తారు, అన్నం మెతుకు, బిస్కెట్ పిండి అందులో ఇరుక్కునే దారి మూసుకుపోతుంది. పాపతో పాటు వాణ్ణి కూడా తీసుకెళ్ళండి, ఇద్దరికీ ఫ్లోరైడ్ వార్నిష్ పూయమని అడగండి, దాన్ని మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్ళీ పూయించాలి. జిల్లా ఆస్పత్రిలో సీలెంట్ లేదంటే అక్కడి డాక్టర్‌నే ఎక్కడ వేస్తారో అడిగి రాయించుకోండి, గాడిలో నల్ల గీత కనిపించేదాకా ఆగొద్దు.